పొద్దున్నే ఒంటి వేడి చూసుకుని అండం విడుదలను, తొలి రోజుల గర్భాన్ని గుర్తించడం ఎలా

అండం విడుదలైన ఒకటి రెండు రోజుల్లో ఒంటి వేడి దాదాపు అర డిగ్రీ ఫారెన్‌హీట్ పెరుగుతుంది. మళ్లీ పీరియడ్ వచ్చేదాకా ఆ పైమెట్టు మీదే ఉంటుంది. అండం బయటికి వచ్చాక అండాశయంలో మిగిలిన తిత్తి కార్పస్ లూటియంగా మారి ప్రొజెస్టిరాన్ హార్మోన్ తయారుచేస్తుంది. ఆ హార్మోన్ మెదడులో వేడిని అదుపుచేసే హైపోథాలమస్ మీద పనిచేయడం వల్లే ఈ పెరుగుదల. గర్భం రాకపోతే రెండు వారాల్లో కార్పస్ లూటియం ముడుచుకుపోతుంది, వేడి దిగుతుంది, పీరియడ్ వస్తుంది. గర్భం నిలిస్తే అది పనిచేస్తూనే ఉంటుంది కాబట్టి వేడి దిగదు. పద్ధతి మొత్తం ఇంతే.

చాలామంది పొరబడే చోటు ఒకటుంది. ముందు అది చెప్పుకుందాం. థర్మామీటర్ వేడి పెరిగిందని చూపించేసరికి అండం విడుదలైపోయి ఉంటుంది. విడుదలైన అండం బతికేది 12 నుంచి 24 గంటలు. "ఇవాళ పెరిగింది కదా, ఇవాళే కలవాలి" అనుకునేవాళ్లకు నెల నెలా ఆ రోజులు దాటిపోతూనే ఉంటాయి. వీర్యకణాలు మాత్రం అనుకూలమైన స్రావంలో 5 రోజుల దాకా బతుకుతాయి. అందుకే గర్భం వచ్చే రోజులంటే అండం విడుదలకు ముందు ఐదు రోజులు, విడుదలైన రోజు, మొత్తం ఆరు. అమెరికాలో 221 మంది స్త్రీలను గమనించి 1995లో ప్రచురించిన అధ్యయనంలో గర్భాలన్నీ ఆ ఆరు రోజుల కలయికల వల్లే వచ్చాయని తేలింది. కాబట్టి ఏ రోజుల్లో కలవాలో తెల్లబట్ట చెబుతుంది, అండం నిజంగా విడుదలైందో లేదో థర్మామీటర్ చెబుతుంది. రెండూ కలిపి చూస్తేనే చార్టుకు విలువ.

థర్మామీటర్

విజయవాడలో గవర్నర్‌పేట, సూర్యారావుపేట, గుంటూరులో కొత్తపేట, అరండల్‌పేట, ఏ మందుల షాపులో అడిగినా జ్వరం చూసే మామూలు డిజిటల్ థర్మామీటర్ ఇస్తారు. బేసల్ థర్మామీటర్ అని విడిగా ఒకటి ఉంటుంది, దశాంశం తర్వాత రెండు అంకెలు చూపిస్తుంది. అది దొరికితే మంచిదే. దొరకలేదని ఆగిపోనక్కర్లేదు. ఫారెన్‌హీట్‌లో ఒక దశాంశం చూపించే మామూలు డిజిటల్‌తో పని జరుగుతుంది, ఎందుకంటే మనం వెతికే తేడా 0.4 డిగ్రీలు, ఆపైన. సెల్సియస్‌లో మాత్రం పెట్టుకోవద్దు. అక్కడ ఒక్క అంకె తేడా అంటే ఫారెన్‌హీట్‌లో దాదాపు 0.2 అవుతుంది, మెట్టు సరిగా కనపడదు. సెల్సియస్‌లో వస్తుంటే ఎలా మార్చాలో పెట్టెలో ఉన్న కాగితం చూడండి, చాలావాటికి బటన్ కొద్దిసేపు నొక్కి పట్టుకుంటే మారుతుంది.

నుదుటి దగ్గర పెట్టి చూసే గన్ థర్మామీటర్ ఈ పనికి రాదు. అది చర్మం వేడి చూస్తుంది, ఫ్యాన్ గాలికే అంకె మారిపోతుంది. పది సెకన్లలో చూపిస్తామనే రకాలు కూడా లెక్కగట్టి చూపించేవే, వాటిని నమ్ముకోకపోవడం మేలు. చంక కింద పెట్టడమూ వద్దు.

ఇంట్లో పాత పాదరసం థర్మామీటర్ ఉంటే దాన్ని రాత్రి పడుకునే ముందే విదిలించి పెట్టుకోవాలి. పొద్దున లేచి విదిలిస్తే ఆ కదలికకే వేడి మారుతుంది. పగిలితే పాదరసం ప్రమాదం కాబట్టి, పసిపిల్లలున్న ఇంట్లో దాన్ని అసలు వాడొద్దనే చెబుతాం.

ఒక నెల మొత్తం ఒకే థర్మామీటర్ వాడాలి. రెండు థర్మామీటర్లు ఒకే నోట్లో పెట్టినా 0.2 తేడా చూపించొచ్చు. మధ్యలో మారిస్తే అండం విడుదలైనట్టు లేని మెట్టు ఒకటి చార్టులో పుట్టుకొస్తుంది. బ్యాటరీ మార్చాల్సి వస్తే పీరియడ్ మొదటి రోజు మార్చండి. బ్యాటరీ గుర్తు వెలుగుతున్నా నెట్టుకొస్తే అంకెలు అస్తవ్యస్తంగా వస్తాయి.

చూసుకునే తీరు

థర్మామీటర్ తలగడ పక్కనే, చెయ్యి చాపితే అందేలా ఉండాలి. మెలకువ రాగానే లేచి కూర్చోకుండా, మాట్లాడకుండా, ఫోన్ చూడకుండా, నీళ్లు తాగకుండా నోట్లో పెట్టుకోవాలి. నిద్ర లేవగానే చెంబెడు నీళ్లు తాగే అలవాటు మనవాళ్లలో చాలామందికి ఉంది. ఆ నీళ్లు ఐదు నిమిషాల తర్వాత తాగండి. వాకిలి ఊడ్చి, కళ్లాపి చల్లి, ముగ్గు పెట్టి వచ్చాక చూసే అంకె దేనికీ పనికిరాదు.

మొన భాగాన్ని నాలుక కింద, మధ్యలో ఉండే పల్చటి తీగకు ఒక పక్కగా, వీలైనంత లోపలికి పెట్టాలి. పెదవులు మూసి ముక్కుతో ఊపిరి పీల్చాలి. ఇక్కడ ఓపిక పట్టండి: వెంటనే బటన్ నొక్కకుండా రెండు మూడు నిమిషాలు అలాగే ఉంచి, ఆ తర్వాత నొక్కితే అంకె నిలకడగా వస్తుంది. ఫ్యాన్ కింద, ఏసీలో నోరు తెరిచి పడుకున్నవాళ్ల నోరు చల్లబడి ఉంటుంది. వెంటనే కూత పెట్టే థర్మామీటర్లు ఆ చల్లదనాన్నే చూపించేస్తాయి. ప్రతిరోజూ నాలుక కింద ఒకే పక్క పెట్టాలి, ఎడమైతే ఎడమే.

అంతకుముందు కనీసం మూడు గంటలు ఏకబిగిన నిద్రపోయి ఉండాలి. సమయం రోజూ ఒకటే ఉండాలి, అరగంట అటూ ఇటూ పర్లేదు. తెల్లవారుతున్నకొద్దీ ఒంటి వేడి దానంతటదే పెరుగుతుంది, గంట ఆలస్యమైతే 0.2 దాకా ఎక్కువ చూపించొచ్చు. రోజూ ఐదింటికి లేచే మనిషి ఆదివారం ఏడున్నరకు చూసుకుంటే ఆ ఒక్క చుక్క పైకి ఎగిరిపోతుంది. లెక్కలు వేసి అంకెను తగ్గించి రాయొద్దు. వచ్చిన అంకె వచ్చినట్టే రాసి, పక్కన "7.30" అని గుర్తు పెట్టండి, చదివేటప్పుడు ఆ చుక్కను వదిలేయొచ్చు.

పసిబిడ్డ ఉన్న తల్లికి మూడు గంటల నిద్ర ఎప్పుడు పూర్తయితే అప్పుడే, అది రాత్రి మూడింటికైనా సరే, చూసుకోవడం నయం. నైట్ డ్యూటీ నర్సులు, షిఫ్టుల్లో పనిచేసేవాళ్లు ఎక్కువసేపు పడుకున్న నిద్ర తర్వాత చూసుకోవాలి. షిఫ్టు మారిన రోజున ఆ సంగతి రాసి పెట్టుకోవాలి. వారం వారం షిఫ్టు మారేవాళ్లకు ఈ పద్ధతి అంతగా కలిసిరాదు. వాళ్లకు తెల్లబట్టే ఆధారం.

చార్టు గీయడం

పిల్లల గ్రాఫ్ కాగితం ఒకటి చాలు. అడ్డంగా 1 నుంచి 40 దాకా రోజులు, నిలువుగా 97.0 నుంచి 99.0 దాకా గడికి 0.1 చొప్పున వేసుకోండి. ఫోన్ యాప్‌లో రాసుకున్నా ఇబ్బంది లేదు. కానీ యాప్ ముందుగానే గీసి చూపించే "అండం విడుదల రోజు" పాత నెలల సగటు మీద వేసిన ఊహ. మీ చుక్కలు చెప్పేదే లెక్క.

రక్తస్రావం పూర్తిగా మొదలైన రోజు 1. ముందు రోజు కనిపించే మరకలు లెక్కలోకి రావు. రోజూ ఒక చుక్క పెట్టి, చుక్కలు కలుపుకుంటూ పోవాలి. కింద మూడు వరసలు వదలండి: ఒకదాంట్లో తెల్లబట్ట ఎలా ఉందో, ఒకదాంట్లో కలిసిన రోజులు, మరోదాంట్లో జ్వరం, ప్రయాణం, నిద్ర చెడటం, మందులు. ఈ మూడో వరస చాలామంది ఖాళీగా వదిలేస్తారు. నెలాఖరున చార్టు అర్థంకాక తల పట్టుకునేది దానివల్లే.

చదవడం

ఒక చార్టులో 10వ రోజు నుంచి ఇలా ఉన్నాయనుకోండి: 97.4, 97.3, 97.2, 97.3, 97.1, 97.3. ఇవి 15వ రోజు దాకా ఆరు చుక్కలు. 16వ రోజు 97.7, 17న 97.9, 18న 98.0.

16వ రోజు చుక్క ముందు ఆరింటికంటే పైన ఉంది. ఆ ఆరింటిలో అన్నిటికంటే ఎక్కువ 97.4. ఆ అంకె మీద స్కేలుతో అడ్డంగా ఒక గీత గీయండి. వరసగా మూడు చుక్కలు గీతకు పైన ఉండాలి, మూడోది గీతకంటే కనీసం 0.4 ఎక్కువ ఉండాలి, అంటే ఇక్కడ కనీసం 97.8 ఉండాలి. 98.0 వచ్చింది, సరిపోయింది. అండం విడుదలైందని 18వ రోజు పొద్దున ధైర్యంగా అనుకోవచ్చు. విడుదలైన రోజు చాలావరకు 15, ఒకటి రెండు రోజులు అటూ ఇటూ కావచ్చు. ఆ నెల గర్భం వచ్చే రోజులు 10 నుంచి 15.

మూడో చుక్క 97.6 దగ్గరే ఆగిపోతే నాలుగో రోజు దాకా ఆగండి. నాలుగోది గీతకు పైన ఉంటే చాలు, 0.4 అక్కర్లేదు. ఆరు చుక్కల్లో ఒకటి జ్వరం వల్ల 98.6 అని ఉంటే దాన్ని తీసేసి, వెనక్కి ఇంకో రోజు కలుపుకుని ఆరు చెయ్యండి.

అందరికీ ఒక్కసారే మెట్టు ఎక్కినట్టు పెరగదు. కొందరికి రోజుకు 0.1 చొప్పున నాలుగైదు రోజులు మెల్లగా ఎక్కుతుంది. కొందరికి పెరగడానికి ముందు రోజు కాస్త దిగుతుంది, కానీ ఆ దిగుడు కోసం కాచుకుని కూర్చోవద్దు, చాలా నెలల్లో అది కనిపించదు. మీ మామూలు అంకె 97.0 కావచ్చు, పక్కింటావిడది 97.6 కావచ్చు. పోల్చుకోవాల్సింది మీ చుక్కల్ని మీ చుక్కలతోనే.

మొదటి నెల చార్టు చూసి ఏమీ తేల్చొద్దు. చెయ్యి తిరగడానికే ఒక నెల పడుతుంది, మూడు చార్టులు పక్కపక్కన పెట్టి చూసినప్పుడే మీ ఒంటి తీరు తెలుస్తుంది. ఒక నెల మెట్టు అసలు కనిపించకపోతే ఆ నెల అండం విడుదల కాకపోయి ఉండొచ్చు, లేదా కొలత సరిగా రాకపోయి ఉండొచ్చు. అప్పుడప్పుడు ఇలా జరగడం మామూలే. వరసగా రెండు మూడు నెలలు అలాగే ఉంటే డాక్టర్‌కు చూపించండి.

మన ఎండల్లో ఈ కొలత చెడే తీరు వేరేగా ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో అర్ధరాత్రి కరెంటు పోయి, చెమటతో నిద్ర చెదిరి, మూడింటికి లేచి డాబా మీదికి వెళ్లి పడుకుంటే ఆ పొద్దుటి అంకెను నమ్మలేం. నెల మధ్యలో ఏసీ గదిలోంచి డాబా మీదికో, డాబా మీద నుంచి ఏసీ గదిలోకో మారితే కింది అంకెలు మొత్తంగా ఒక గడి జరగొచ్చు. వీలైతే 8వ రోజు నుంచి మెట్టు ఖాయమయ్యేదాకా ఒకే చోట, ఒకే ఫ్యాన్ వేగంలో పడుకోండి. రాత్రి బస్సులో హైదరాబాద్ వెళ్లొచ్చిన పొద్దున, పెళ్లిలో జాగారం చేసిన పొద్దున కొలత రాసినా పక్కన గుర్తు పెట్టండి. పారాసిటమాల్ వేసుకున్నా, జ్వరం వచ్చినా అంతే.

మామిడిపండు, నువ్వులు, ఆవకాయ తింటే "వేడి చేసింది" అని మనం అంటుంటాం. ఈ చార్టులోని వేడికీ దానికీ సంబంధం లేదు. మజ్జిగ, సబ్జా తాగి ఈ మెట్టును దించలేం, దించాల్సిన అవసరమూ లేదు. ప్రొజెస్టిరాన్ పెరిగిందనడానికి అది గుర్తు, మంచిదే.

మందుల సంగతి మాత్రం గట్టిగా గుర్తుంచుకోవాలి. డాక్టర్లు రాసే ప్రొజెస్టిరాన్ మాత్రలు, ఇంజెక్షన్లు వేడిని వాటంతటవే పెంచుతాయి, పీరియడ్‌నూ ఆపి ఉంచగలవు. అవి వాడుతున్న రోజుల్లో వేడి దిగలేదంటే గర్భమని అర్థం కాదు. చార్టు కోసం మందు మానేయడం మాత్రం ఎప్పుడూ చేయొద్దు.

కలవాల్సిన రోజులు

ఈ పని తెల్లబట్టది. పీరియడ్ తగ్గాక కొన్నాళ్లు పొడిగా ఉంటుంది. తర్వాత జిగురుగా, తెల్లగా, క్రీములా మొదలవుతుంది. అండం విడుదల దగ్గరపడేకొద్దీ పల్చబడి, పారదర్శకంగా, పచ్చి గుడ్డు తెల్లసొనలా సాగుతుంది. బాత్రూంకి వెళ్లినప్పుడు తుడుచుకున్న కాగితం మీదో, కడిగిన వేళ్ల మీదో తీసి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య మెల్లగా సాగదీయండి. తెగకుండా అంగుళం సాగితే, తడిగా జారుతున్నట్టు అనిపిస్తే, అవే మీ రోజులు. ఆ స్రావం కనిపించిన రోజు నుంచి థర్మామీటర్ మెట్టు ఎక్కేదాకా రోజు విడిచి రోజు కలిస్తే చాలు, రోజూ అయినా నష్టం లేదు. "దాచిపెట్టుకుని ఆ ఒక్క రోజే" అనుకోవడం వల్ల లాభం లేదు.

కలిసిన మర్నాడు పొద్దున కనిపించే తడిని తెల్లసొన స్రావం అనుకునే ప్రమాదం ఉంది. అందుకే సాయంత్రం చూసుకోవడం మేలు. పెరుగు విరిగినట్టు ఉండి దురద పెడితే, వాసన వస్తే, పచ్చగా ఉంటే అది ఇన్ఫెక్షన్. చార్టు పక్కన పెట్టి డాక్టర్ దగ్గరికి వెళ్లండి. పొడిగా ఉందని బజారులో దొరికే జెల్లులు వాడేటప్పుడు జాగ్రత్త, వాటిలో చాలావరకు వీర్యకణాల కదలికను మందగింపజేస్తాయి.

అండం విడుదలకు ముందు పెరిగే ఎల్‌హెచ్ హార్మోన్‌ను మూత్రంలో చూపించే స్ట్రిప్పులు కూడా వాడుకోవచ్చు. రెండో గీత మొదటి గీతంత ముదురుగానో, ఇంకా ముదురుగానో వచ్చాక 24 నుంచి 36 గంటల్లో సాధారణంగా అండం విడుదలవుతుంది. వీటిని మధ్యాహ్నం నుంచి సాయంత్రం లోపు చూసుకుంటే మంచిది, చూసే ముందు రెండు గంటలు ఎక్కువ నీళ్లు తాగొద్దు. పీసీఓడీ (హార్మోన్ల తేడాతో అండం సరిగా విడుదల కాని సమస్య) ఉన్నవాళ్లకు ఈ స్ట్రిప్పు ఒకే నెలలో రెండు మూడుసార్లు ముదురుగా వచ్చి మోసం చేస్తుంది. ఒళ్లు అండం విడుదలకు సిద్ధపడి మధ్యలో ఆగిపోతూ ఉంటుంది. అలాంటివాళ్లకు థర్మామీటర్ నిజంగా ఉపయోగపడుతుంది: మెట్టు ఎక్కేదాకా ఏ స్ట్రిప్పునూ ఆఖరిదిగా లెక్కపెట్టొద్దు, కలవడం ఆపొద్దు.

పలానా రోజు కలిస్తే మగపిల్లాడు, పలానా రోజైతే ఆడపిల్ల అని చెప్పే లెక్కలు నమ్మొద్దు. పైన చెప్పిన 1995 అధ్యయనంలో కలిసిన రోజుకీ పుట్టిన బిడ్డ ఆడా మగా అనేదానికీ సంబంధం కనిపించలేదు.

పొద్దున లేస్తూనే థర్మామీటర్ చూడటం కొందరికి దిగులు పెంచుతుంది. అంకె దిగితే ఆ రోజంతా మనసు బాగుండదు. అలా ఉంటే కొన్నాళ్లు ఆపేయండి. చార్టు లేకుండా రెండు మూడు రోజులకోసారి కలిసినా ఆ ఆరు రోజులు దాటిపోవు. బ్రిటన్ వైద్య మార్గదర్శకాలు జంటలకు చెప్పేదీ అదే. అయితే ఒక్క పని మాత్రం ఆపొద్దు: గర్భం కోసం ప్రయత్నం మొదలుపెట్టిన రోజు నుంచే ఆమె రోజూ 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ మాత్ర వేసుకోవాలి.

గర్భం రాకుండా ఉండటానికి ఈ చార్టును వాడదామనుకునేవాళ్లకు ఒక మాట. దానికి వేరే గట్టి నియమాలున్నాయి, నేర్పేవాళ్ల దగ్గర నేర్చుకోవాలి. ఇక్కడ రాసినది దానికి చాలదు.

డాక్టర్ దగ్గరికి

ఆమె వయసు 35 లోపు ఉంటే ఏడాది ప్రయత్నం, 35 దాటితే ఆరు నెలలు. ఆలోగా రాకపోతే ఇద్దరూ కలిసి వెళ్లాలి. పీరియడ్స్ రెండు మూడు నెలలకోసారి వస్తున్నా, మెట్టు ఎక్కిన తర్వాత పది రోజుల లోపే పీరియడ్ వచ్చేస్తున్నా అంతదాకా ఆగక్కర్లేదు. చార్టు ఎంత చక్కగా ఉన్నా అది భర్త గురించి ఒక్క ముక్క చెప్పదు. వీర్య పరీక్ష తేలికైనది, చవకైనది. రెండు నుంచి ఏడు రోజులు కలవకుండా ఉండి ఇవ్వాలి. ఆమెకు స్కాన్ల మీద స్కాన్లు, ఇంజెక్షన్లు అయ్యాక ఎప్పుడో ఆఖరున ఆ పరీక్ష చేయించడం మన ఇళ్లలో ఇంకా జరుగుతోంది. మొదటి వారంలోనే చేయించండి.

మన దగ్గర డాక్టర్లు చార్టు కంటే ఫాలిక్యులర్ స్కాన్‌ను ఎక్కువ నమ్ముతారు, అది సబబే. అండం పెరిగే తిత్తిని కళ్లతో చూస్తారు, 18 నుంచి 24 మిల్లీమీటర్లు వచ్చేసరికి విడుదలకు సిద్ధమవుతుంది. అరుదుగా తిత్తి పగలకపోయినా ప్రొజెస్టిరాన్ తయారై వేడి పెరుగుతుంది, అది స్కాన్‌కే తెలుస్తుంది. అయినా మూడు చార్టులు పట్టుకెళ్లండి, ఒక చోట అవి డబ్బూ శ్రమా మిగులుస్తాయి. "21వ రోజు ప్రొజెస్టిరాన్" రక్త పరీక్ష 28 రోజుల లెక్కతో పెట్టినది. అసలు చేయాల్సింది అండం విడుదలైన ఏడో రోజు. మీకు 22వ రోజు విడుదలవుతుంటే 21న చేసిన పరీక్షలో తక్కువే వస్తుంది, అండం రావట్లేదని మందులు మొదలవుతాయి. చార్టు చూపించి "నాకు 29వ రోజు చేయమంటారా" అని అడగండి.

వేడి దిగకపోతే

పై చార్టులో మొదటి ఎక్కువ చుక్క 16వ రోజు. అక్కడి నుంచి లెక్కపెట్టండి. మామూలుగా 12 నుంచి 14 రోజులకు వేడి దిగి పీరియడ్ వస్తుంది. వరసగా 18 రోజులు పైనే ఉంటే, అంటే ఇక్కడ 33వ రోజు పొద్దునకు కూడా దిగకపోతే, పీరియడ్ రాకపోతే, మాత్రలేవీ వాడకపోతే, గర్భం అయ్యుండటానికి చాలా అవకాశం ఉంది. పీరియడ్లు క్రమంగా రానివాళ్లకు ఈ 18 రోజుల లెక్క చాలా విలువైనది. 45వ రోజు వచ్చింది, పీరియడ్ రాలేదు, కానీ వేడి అసలు ఎక్కలేదు అంటే ఎక్కువసార్లు అది గర్భం కాదు, అండం విడుదల ఆలస్యమైంది. అయినా గర్భ పరీక్ష కిట్‌తో ఒకసారి చూసుకోండి.

విడుదలైన ఏడో ఎనిమిదో రోజున ఒక చుక్క కిందికి దిగి మళ్లీ లేస్తే "గర్భం అంటుకుంది" అని చాలామంది సంతోషపడతారు. అలాంటి దిగుడు గర్భం రాని నెలల్లోనూ కనిపిస్తుంది. పిండం గర్భసంచికి అంటుకునేది ఎక్కువమందిలో అండం విడుదలైన 8, 9, 10 రోజుల్లో, అప్పటికి థర్మామీటర్‌లో తేల్చుకోదగ్గ మార్పేమీ ఉండదు. రెండో మెట్టు ఎక్కినా అంతే, అది రుజువు కాదు.

కిట్ పరీక్ష మొదటి ఎక్కువ చుక్క నుంచి 15వ రోజున చేయండి. 10వ రోజున చేస్తే గర్భం ఉన్నా లేదని చూపించొచ్చు. పొద్దుటి మొదటి మూత్రం పట్టి, కిట్‌లోని డ్రాపర్‌తో పెట్టె మీద రాసినన్ని చుక్కలు, ఎక్కువగా మూడు, గుంటలో వేయాలి. ఐదు నిమిషాల్లో చూడాలి. గంట తర్వాత డస్ట్‌బిన్‌లోంచి తీసి చూస్తే కనిపించే బూడిదరంగు గీత లెక్కలోకి రాదు. అండం విడుదలకు హెచ్‌సీజీ (కిట్ పట్టుకునే గర్భం హార్మోన్) ఇంజెక్షన్ చేయించుకున్నవాళ్లకు ఆ మందే రెండు వారాల దాకా గీత చూపించగలదు. వాళ్లు డాక్టర్ చెప్పిన రోజునే పరీక్ష చేసుకోవాలి. కిట్ మీ ఆశా కార్యకర్తను అడిగితే ఉచితంగా ఇస్తారు, నిశ్చయ్ అని పేరు.

గీత వచ్చిందంటే చార్టులో ఒక అంకెను కాగితం మీద పెద్దగా రాసి పెట్టుకోండి: అండం విడుదలైన తేదీ. మొదటి స్కాన్ రోజున ఇది చాలా ఇళ్లలో ఏడుపును తప్పిస్తుంది. ఆసుపత్రిలో గర్భాన్ని ఆఖరి పీరియడ్ మొదటి రోజు నుంచి లెక్కేస్తారు, అండం 14వ రోజున విడుదలైందని అనుకుని. మీకు 22వ రోజున విడుదలైతే, వాళ్ల లెక్కలో ఆరు వారాలు నిండిన రోజున, అదే పద్ధతిలో సరిగా లెక్కేస్తే, లోపలి బిడ్డ వయసు ఐదు వారాలే. ఐదు వారాలకు సంచి కనిపిస్తుంది, గుండె చప్పుడు కనిపించదు. "ఆరు వారాలైంది, హార్ట్‌బీట్ లేదు" అని రిపోర్టులో చదివి కుప్పకూలిపోయేవాళ్లున్నారు. అండం విడుదల తేదీ చెప్పి, వారం పది రోజులాగి మళ్లీ స్కాన్ చేయమని అడగండి. ప్రసవం తేదీ కావాలంటే ఆ రోజుకు 266 రోజులు కలపండి.

కిట్‌లో గీత వచ్చాక థర్మామీటర్ పక్కన పెట్టేయండి. ప్రొజెస్టిరాన్ తయారుచేసే పనిని మాయ అందుకున్నాక వేడి మెల్లగా దిగడం మామూలే, అది చూసి రోజూ భయపడటం తప్ప ఉపయోగం లేదు. ఇంకో సంగతి, గర్భం గర్భసంచిలో కాకుండా ట్యూబులో నిలిచినా వేడి పైనే ఉంటుంది, కిట్‌లో గీతా వస్తుంది. కాబట్టి చార్టు బాగుందని ధీమాగా ఉండొద్దు. గీత వచ్చిన తర్వాత పొత్తికడుపులో ఒక పక్క గట్టిగా నొప్పి, రక్తం కనిపించడం, కళ్లు తిరగడం, భుజం కొసన నొప్పి, వీటిలో ఏది వచ్చినా తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి, బండి దొరక్కపోతే 108కి ఫోన్ చేయాలి.